అమెరికాలో మొదటి సెమిస్టర్: సప్లీ లేదు, సిలబస్ ఉంది

జూలై వచ్చిందంటే బెజవాడ, గుంటూరు ఇళ్లలో సూట్‌కేసులు తూకం వేయడం మొదలవుతుంది. ఈసారి సెలవులకి కానూరు వచ్చినప్పుడు, కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్‌కి వెళ్తున్న జూనియర్లు నలుగురు మా ఇంటికొచ్చారు. కుక్కర్ గురించి అడిగారు, సిమ్ గురించి అడిగారు. మార్కులు ఎలా వేస్తారని ఒక్కరూ అడగలేదు. నేనూ అప్పట్లో అడగలేదు లెండి, అందుకే మొదటి సెమిస్టర్‌లో దెబ్బతిన్నాను.

జేఎన్‌టీయూ కాకినాడ కింద చదివినవాళ్లకి అలవాటైన లెక్క ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ డెబ్బై కోసం ఆఖరి వారంలో జిరాక్స్ షాపుకి పరుగెత్తి, రాత్రంతా కూర్చుని గట్టెక్కేవాళ్లం. పోతే సప్లీ ఉండనే ఉంది. అక్కడ సప్లీ అనే మాటే లేదు. పాఠం చెప్పే ప్రొఫెసరే పేపరు తయారుచేస్తారు, గ్రేడూ ఆయనే వేస్తారు. కోర్సు పోతే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి కూర్చోవాలి.

మనకి సిలబస్ అంటే యూనిట్ల పట్టిక. అక్కడ సిలబస్ అంటే దాదాపు ఒప్పంద పత్రం. దేనికి ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, ఏది కాపీ కిందికి వస్తుంది, చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో కోర్సుది ఒక్కో పద్ధతి కాబట్టి సీనియర్ మాట నమ్మకండి, నా మాట కూడా. నా మొదటి కోర్సులో అసైన్‌మెంట్లకి 50 శాతం, మిడ్‌టర్మ్‌కి 20, ఫైనల్‌కి 30. అంటే ఫైనల్లో నూటికి నూరు తెచ్చుకున్నా చేతికొచ్చేది 30. ఈ లెక్క నాకు అక్టోబర్‌లో అర్థమైంది.

అసైన్‌మెంట్ కోడ్‌ని చాలాచోట్ల ముందు ఆటోగ్రేడర్, అంటే దానంతటదే మార్కులు వేసే ప్రోగ్రాం, చూస్తుంది. గ్రేడ్‌స్కోప్ లాంటి సైట్లో ఫైల్ పెట్టగానే టెస్టులు నడుస్తాయి. కొన్ని మనకి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఫైల్ పేరు తేడా వచ్చినా, అవుట్‌పుట్‌లో ఒక్క ఖాళీ ఎక్కువైనా మార్కులు పోవచ్చు. ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచిందండీ’ అంటే వినేవాళ్లుండరు. గడువు సాధారణంగా రాత్రి 11:59. చాలా కోర్సుల్లో ఎన్నిసార్లైనా పెట్టుకోనిస్తారు కాబట్టి, నాలుగు రోజుల ముందే సగం కోడ్‌తో ఒకసారి పెట్టి చూడండి.

ఇక అసలు సంగతి. మన ల్యాబుల్లో ఒకడు రికార్డు రాస్తే పదిమంది చూసి రాసుకునేవాళ్లం. రికార్డు ఇవ్వనివాడిని స్నేహితుడిగా లెక్కేసేవాళ్లం కాదు. ఆ అలవాటుతోనే నా రూమ్మేట్ అడిగితే ఫైల్ పంపించేశాను. పాపం, అతనూ కష్టపడ్డాడు: వేరియబుల్ పేర్లన్నీ మార్చాడు, కామెంట్లు తిరగరాశాడు. 1994 నుంచీ వాడుకలో ఉన్న మాస్ అనే ప్రోగ్రాం ఒకటుంది. పేరు మన సినిమా మాస్‌లా ఉన్నా పని మాత్రం క్లాస్. అది పేర్లను పట్టించుకోదు, కోడ్ అల్లిక ఎలా ఉందో పోల్చి చూస్తుంది. ఇద్దరికీ సున్నా వచ్చింది. ‘నేను ఇచ్చానంతే, తీసుకోలేదు కదా’ అన్నాను. ఇవ్వడమూ తప్పేనని సిలబస్ మూడో పేజీ చూపించారు. అందుకే ఐడియా మాట్లాడుకోవచ్చని సిలబస్‌లో ఉంటే మాట్లాడుకోండి. కోడ్ మాత్రం చూపించకండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే.

గ్రేడ్ల లెక్క చిన్నదే. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2. ఎమ్మెస్‌లో మామూలుగా సగటు 3.0 నిలబెట్టుకోవాలి, లేకపోతే ప్రొబేషన్, అంటే హెచ్చరిక కింద పెడతారు. మూడు కోర్సుల్లో రెండు బీలు, ఒక సీ వస్తే 2.67, గీత కిందికి జారినట్టే. ఒక సీకి ఒక ఏ కావాలి. భయమేసి కోర్సు వదిలేద్దామనుకుంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు ఉంటేనే ఫుల్‌టైమ్. అనుమతి లేకుండా తగ్గితే వీసా స్టేటస్‌కే ఎసరు.

అర్థంకాకపోతే ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు తీర్చడానికి వాళ్లు కేటాయించిన వేళకి, వెళ్లండి. మొదటి నెల నేను సిగ్గుపడి వెళ్లలేదు. వెళ్లాక చూస్తే టీఏ (ప్రొఫెసర్‌కి సాయపడే టీచింగ్ అసిస్టెంట్) ఖాళీగా కూర్చుని ఉన్నాడు. మార్కులు తప్పుగా పడ్డాయనిపిస్తే రీగ్రేడ్ అడగొచ్చు, కానీ ‘ప్లీజ్ సర్, రెండు మార్కులు’ అని కాదు. ఏ ప్రశ్నలో, ఏ లైను ఎందుకు సరైనదో గడువులోపు రాయాలి.

ఇదంతా విని లేస్తూ, ఒక కుర్రాడు గుమ్మం దగ్గర ఆగాడు. ‘అన్నా, ఇంతకీ కుక్కర్ మూడు లీటర్లదా, అయిదు లీటర్లదా?’

మూడు చాలు.