ఇంటి స్టూడియో, 7వ పాఠం: చిటపట ఎక్కడి నుంచి వస్తోంది?

ఆరో పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం చాలామందిని ఇబ్బంది పెట్టిందని తరువాత వచ్చిన సందేశాలు చూస్తే అర్థమైంది. "పాట రికార్డు చేసేటప్పుడు బఫర్‌ను 64కు తగ్గించండి, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు పెంచండి" అని రాస్తే (బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో సౌండ్ కార్డుకు అందించే శబ్దపు ముక్క, 64 అంటే అందులోని శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు), ఎక్కువమంది మొదటి సగం పాటించి రెండో సగం మరచిపోయారు. ఇరవై ట్రాకులూ ట్రాకుకు నాలుగేసి ప్లగిన్లూ (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ప్రాజెక్టును కూడా 64 మీదే నడిపి, స్పీకర్లలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు చప్పుడు వస్తోందని, సౌండ్ కార్డు పోయినట్టేనా అని అడిగారు. ఇందులో నా తప్పూ ఉంది. ఏ కంప్యూటర్ మీద 64 పెట్టాలో, దేని మీద పెట్టకూడదో చెప్పకుండా ఆ అంకెను మంత్రంలా రాసేశాను. నిజం చెప్పాలంటే నా గదిలో నేను 128 కంటే కిందికి దిగను. పాఠం కదా, శాస్త్రోక్తంగా ఉండాలని 64 రాశాను. కనుక ఈసారి చెబుతానన్న కంప్రెసర్ పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ చిటపట సంగతి తేలుద్దాం.

బఫర్ అంటే ఏమిటో మళ్ళీ మొదటి నుంచి చెప్పను. లెక్క మాత్రం గుర్తు చేస్తాను. 48,000 శాంపిల్ రేటులో, అంటే సెకనుకు 48,000 శాంపిళ్ళ చొప్పున, 64 శాంపిళ్ళ బఫర్ అంటే సుమారు 1.3 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 750 సార్లు కంప్యూటర్ అన్ని ట్రాకుల లెక్కలూ పూర్తి చేసి, ఆ 64 శాంపిళ్ళను సౌండ్ కార్డు చేతిలో పెట్టాలి. అందులో ఒక్కసారి ఆలస్యమైనా ఆ చోట శబ్దం తెగిపోతుంది, మనకు 'టప్' అని వినబడుతుంది. బఫర్ 1024 అయితే గడువు 21 మిల్లీసెకన్లు, సెకనుకు దాదాపు 47 సార్లు అందిస్తే చాలు. పని మొత్తం ఇంచుమించు అంతే అయినా ఊపిరి పీల్చుకునే వ్యవధి పెరుగుతుంది. 128 దగ్గర ఆగితే తమ గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినబడి పాడేవారికి ఇబ్బంది కాదా అని అడిగినవారికి సమాధానం ఏమిటంటే, ఆ బఫర్ ఒక వైపుకు 2.7 మిల్లీసెకన్లు. కచేరీలో గాయకుడికి మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మృదంగం శబ్దం చెవికి చేరడానికే సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ దూరాన్ని మన్నించే చెవి దీన్నీ మన్నిస్తుంది.

ఇక ఈ పాఠంలో నన్ను అన్నిటికంటే విసిగించిన విషయానికి వస్తాను. వచ్చిన సందేశాల్లో సగానికి పైగా ఒకే మాట ఉంది: "టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ముప్పై శాతం కూడా దాటడం లేదు, కాబట్టి కంప్యూటర్ తప్పు కాదు." దయచేసి ఈ వాదాన్ని ఇక్కడితో వదిలేయండి. టాస్క్ మేనేజర్ మామూలుగా సెకనుకు ఒకసారి అంకె మారుస్తుంది. ఆ సెకనులో మీకు 750 గడువులు ఉన్నాయి. వాటిలో 749 హాయిగా గడిచి ఒకటి తప్పినా మీ చెవికి తెలుస్తుంది కాని సగటుకు తెలియదు. ఇది మొదటి మోసం. రెండోది ఇంకా పెద్దది. ఆ ముప్పై శాతం మీ ప్రాసెసర్‌లోని అన్ని కోర్ల (విడివిడిగా లెక్కలు చేయగల భాగాల) మీదా కలిపి తీసిన సగటు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లు (విండోస్ కోర్లుగా లెక్కపెట్టేవి) ఉన్న లాప్‌టాప్‌లో ఒకటి పూర్తిగా నిండిపోయి మిగతా ఏడూ ఖాళీగా ఉన్నా అక్కడ కనబడేది 12.5 శాతమే.

ఒకటి నిండితే మిగతావి సాయం చేయవా అని మీరు అడుగుతారు. పెళ్ళి వంటశాలలో ఎనిమిది మంది వంటవాళ్ళు ఉన్నారనుకోండి. పులిహోర బాధ్యత ఒకరిది: అన్నం వార్చాలి, ఆరబెట్టాలి, పోపు వేయాలి, పులుసు కలపాలి. ఒకటి అయితే గాని రెండోది మొదలు కాదు కనుక పక్కవాళ్ళు నిలబడి చూడడం తప్ప చేసేదేమీ లేదు. బయట బంతిలో విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు పులిహోర కోసం చూస్తూ ఉంటే, ఎవరో వచ్చి వంటశాలలో ఎనిమిదో వంతు మందే పనిలో ఉన్నారు కాబట్టి ఇబ్బందేమీ లేదని లెక్క చెప్పినట్టుంటుంది టాస్క్ మేనేజర్ చెప్పే మాట. మీ గాత్రం ట్రాకు మీద పిచ్ కరెక్షన్, ఈక్వలైజర్, కంప్రెసర్, డీఎస్సర్ (స, ష శబ్దాల కరుకుదనం తగ్గించేది), రివర్బ్ (గది ప్రతిధ్వని ఇచ్చేది) వరుసగా పెట్టారు. మొదటిదాని నుంచి బయటికి వచ్చిన శబ్దమే రెండోదానికి అందాలి కాబట్టి, ఆ వరుస సాధారణంగా ఒకే కోరు మీద సాగుతుంది. మాస్టర్ ట్రాకు మీద పెట్టినవీ అంతే; పైగా అవి అన్ని ట్రాకులూ వచ్చి చేరేదాకా ఎదురుచూడాలి. విడివిడి కోర్ల గ్రాఫు పెట్టుకుని చూశామని కొందరు రాశారు. విండోస్ ఒకే పనిని క్షణానికో కోరుకు మారుస్తూ ఉంటుంది కనుక అక్కడా ఆ బరువు పంచినట్టే కనబడవచ్చు.

చూడవలసిన మీటరు మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. రీపర్‌లో కంట్రోల్, ఆల్ట్, పి కలిపి నొక్కితే పెర్ఫార్మెన్స్ మీటరు తెరుచుకుంటుంది. అందులో ఆర్‌టి సీపీయూ అన్న అంకె గడువుకు ఎంత దగ్గరగా నడుస్తున్నారో చెబుతుంది. క్యూబేస్‌లో ఎఫ్12 నొక్కండి. నేను రీపర్ మనిషిని, ఉదాహరణలు అటే మొగ్గుతాయి.

మీటరు తెరిచే ముందు ఒక పరీక్ష చేయండి. చిటపట వచ్చిన చోటును మళ్ళీ మూడుసార్లు ప్లే చేయండి. ప్రతిసారీ అదే అక్షరం దగ్గర వస్తే అది చాలావరకు ఫైల్లోకి ఎక్కిపోయినట్టే, అలా ఎక్కితే ఇప్పుడు బఫర్ ఎంత పెంచినా పోదు. రికార్డు చేసిన రోజున తెగిన శబ్దమో, మైకు గెయిన్ ఎక్కువై పగిలిన శబ్దమో, రెండు టేకులను ఫేడ్ లేకుండా అతికించిన అతుకో అయి ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే అది ఈ పాఠానికి చెందినది.

అలాంటప్పుడు బఫర్‌ను 1024కు పెంచి చూడండి. పోయిందా, బరువు ఎక్కువైందని అర్థం. పన్నెండు ట్రాకులకు పన్నెండు రివర్బులు పెట్టినవారు ఒకే రివర్బ్‌ను వేరే ట్రాకు మీద పెట్టి, మిగతావాటి నుంచి సెండ్ ద్వారా అక్కడికి పంపండి. పని పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్ల లెక్కలు మళ్ళీ మళ్ళీ చేయకుండా పూర్తయిన శబ్దంగా మార్చి పెట్టండి. 96,000లో రికార్డు చేస్తున్నవారు 48,000కు దిగండి; ఇంట్లో పాడిన లలితగీతానికి రెట్టింపు బరువు మోయవలసిన పని లేదని నా అభిప్రాయం, దీని మీద వాదనకు రాను.

1024లో, ప్లగిన్ ఒక్కటి కూడా లేని ఖాళీ ప్రాజెక్టులో కూడా కొన్ని సెకన్లకొకసారి 'టప్' అంటుంటే కథ వేరు. విండోస్‌లో ఏదో ఒక డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) ప్రాసెసర్‌ను తన చేతిలో పెట్టుకుని మన వంతు రానివ్వకపోవడం చాలాసార్లు దీనికి కారణం. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం అటువంటి డ్రైవర్‌ను పేరుతో సహా చూపిస్తుంది. నెట్‌వర్క్ తాలూకు డ్రైవర్ పేరు పైన కనబడితే వైఫై ఆపి చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు అక్కడే తేలిపోయింది. ఆ తరువాత సౌండ్ కార్డును యూఎస్‌బీ హబ్ నుంచి తీసి నేరుగా లాప్‌టాప్‌కు పెట్టండి, పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను (వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటును) ఆపేయండి, ప్రాజెక్టు ఫోల్డర్ వన్‌డ్రైవ్ కాపీ చేసే చోట లేకుండా చూసుకోండి.

యూఎస్‌బీ మైకు కొని, హెడ్‌ఫోన్స్‌ను మాత్రం లాప్‌టాప్ రంధ్రంలో పెట్టుకుని పాడుతున్నవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. శాంపిళ్ళ వేగాన్ని నడిపే గడియారం మైకుకు ఒకటి, లాప్‌టాప్ సౌండ్ చిప్‌కు ఇంకొకటి ఉంటాయి. రెండూ 48,000 అనే చెబుతాయి కాని అవి వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి. ఆ తేడా కూడి కూడి ఒకచోట శాంపిళ్ళు మిగిలిపోవడమో చాలకపోవడమో జరుగుతుంది, అక్కడ 'టప్' అంటుంది. ప్రాసెసర్ నిద్రపోతున్నా ఇది వస్తుంది. మైకుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అందులో పెట్టుకోండి, ఒకే గడియారంతో పని జరిగిపోతుంది.

వేడి గురించి ఎవరూ అడగలేదు కాని హైదరాబాద్‌లో ఉండి చెప్పకపోతే తప్పవుతుంది. మే నెలలో పై అంతస్తు గదిలో రికార్డింగ్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు: బయటి హారన్లు వినబడకూడదని కిటికీలు మూస్తాం, చప్పుడని ఫ్యాన్ ఆపుతాం, ఏసీ ఆపుతాం. పోయిన వేసవిలో పద్మారావునగర్‌లో ఒక గాయని చేత రెండు కీర్తనలు పాడిస్తున్నాను. మొదటి కీర్తన నున్నగా సాగింది. రెండో కీర్తన చరణంలోకి వచ్చేసరికి చిటపటలు మొదలయ్యాయి. ప్రాజెక్టులో నేనేమీ మార్చలేదు. బఫర్ పెంచాను, వైఫై ఆపాను, డ్రైవర్‌ను తిట్టాను. అరగంట వృథా అయ్యాక లాప్‌టాప్‌ను పక్కకు జరపబోతే దాని అడుగు భాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. నేను దాన్ని మంచం మీద, మడత పెట్టిన బొంత మీద పెట్టాను. గాలి లోపలికి వెళ్ళే రంధ్రాలన్నీ బొంతలో మూసుకుపోయాయి. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. ఇందాక తిట్టిపోసిన టాస్క్ మేనేజర్ ఇక్కడ మాత్రం పనికి వచ్చింది: శాతం కాదు, దాని కింద ఉన్న స్పీడ్ అన్న అంకె. మూడు గిగాహెర్ట్జ్ పైన ఉండవలసినది ఒకటిన్నర దగ్గర కొట్టుకుంటోంది. లాప్‌టాప్‌ను బల్ల మీదికి మార్చి, వెనక వైపు రెండు పాత క్యాసెట్ డబ్బాలు పెట్టి ఎత్తు చేసి, పది నిమిషాలు ఫ్యాన్ వేసుకుని మజ్జిగ తాగాం. తరువాత చరణం ఒకే టేకులో అయింది. ఆ క్యాసెట్ డబ్బాలు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఇన్వర్టర్ ఉందని ధైర్యంగా ఉంటాం కాని చార్జర్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనుకు కలిపి ఉండదు. లాప్‌టాప్ చప్పుడు లేకుండా బ్యాటరీ మీదికి మారుతుంది, చాలా లాప్‌టాప్‌లలో దానితో పాటే ప్రాసెసర్ వేగమూ తగ్గుతుంది. కనుక చిటపట వచ్చిన వెంటనే తెర మూలన బ్యాటరీ గుర్తు చూడడం అలవాటు చేసుకోండి.

ర్యామ్ కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాలకు పరుగెత్తాలా అని అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను. మైకుతో పాడిన ట్రాకులకు డిస్కు మీద పడే బరువు చాలా తక్కువ. 24 బిట్, 48,000లో ఒక మోనో ట్రాకుకు సెకనుకు 1,44,000 బైట్లు, పది ట్రాకులకు దాదాపు ఒకటిన్నర మెగాబైట్. పాత హార్డ్ డిస్కు కూడా దీన్ని మోస్తుంది. శాంపిల్ వాయిద్యాలు, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన స్వరాలతో వాయించే తంత్రీ వాద్యబృందాలు, పియానోలు లోడ్ చేసుకునేవారి సంగతి వేరు. ఒక స్వరాన్ని మొదటిసారి వాయించినప్పుడు తెగి, రెండోసారి బాగా వస్తే డిస్కు అందించలేకపోతోందని అర్థం. అప్పుడు ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి, ర్యామ్ తరువాత.

"64 పెట్టినా నా గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగానే వస్తోంది" అన్న ఫిర్యాదు ఒకటి మిగిలింది. మాస్టర్ ట్రాకు మీద లిమిటరో, లీనియర్ ఫేజ్ ఈక్వలైజరో పెట్టి మరచిపోయి ఉంటారు. అవి పని చేయడానికి రాబోయే శబ్దాన్ని ముందుగా చూడాలి, అందుకని అంతా ఆపి ఉంచుతాయి. 2048 శాంపిళ్ళు ఆపే ప్లగిన్ ఒక్కటి ఉంటే 48,000లో 42 మిల్లీసెకన్లు దాటినట్టే, బఫర్ ఎంత తగ్గించినా ఫలితం లేదు. రీపర్‌లో ఎఫ్ఎక్స్ కిటికీ అడుగున ఈ అంకె కనబడుతుంది. పాడేటప్పుడు అటువంటివి తీసేయండి. నేనైతే సౌండ్ కార్డు మీద ఉన్న డైరెక్ట్ మానిటర్ మీటనే (గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపేది) వాడి ఈ గొడవంతా తప్పించుకుంటాను.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. కొత్త ప్రాజెక్టులో ఒక ట్రాకు మీద సన్నటి, నిలకడైన శ్రుతి శబ్దం పెట్టండి. దాని మీద తెగితే వెంటనే తెలుస్తుంది. రెండో ట్రాకును రికార్డ్ ఆర్మ్ చేసి (రికార్డింగుకు సిద్ధంగా పెట్టి), మానిటరింగ్ వేసి (మైకు శబ్దం ఆ ట్రాకు గుండా వినబడేలా చేసి), ఫేడర్‌ను పూర్తిగా కిందికి దించండి. ఆర్మ్ చేయకపోతే రీపర్ ముందుగానే లెక్కలు చేసి పెట్టుకుంటుంది, అసలు సామర్థ్యం బయటపడదు. మైకును తీయకండి; కొన్ని ప్లగిన్లు నిశ్శబ్దంలో నిద్రపోతాయి. ఇప్పుడు ఆ ట్రాకు మీద ఒకే రివర్బ్‌ను ఒకటి తరువాత ఒకటి పెంచుతూ, ఎన్నోదాని దగ్గర శ్రుతి తెగిందో రాసుకోండి. 64, 128, 256, 512, 1024 అన్నిటికీ చేయండి. తరువాత అదే రివర్బ్‌లను ఎనిమిది ట్రాకులకు పంచి మళ్ళీ అయిదూ చేయండి. ఈ పదింటినీ చార్జర్ తీసేసి ఇంకోసారి చేయండి. మొత్తం ఇరవై అంకెలు వస్తాయి. ఒకే ట్రాకు మీద వచ్చిన అంకెనూ ఎనిమిది ట్రాకుల అంకెనూ పక్కపక్కన రాస్తే పులిహోర సంగతి మీ లాప్‌టాపే చెబుతుంది. ఆ కాగితం దాచుకోండి, కంప్రెసర్ పాఠంలో అవసరం పడుతుంది. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకోకుండా మెడ మీదే ఉంచుకోండి. తెగేటప్పుడు వచ్చే చప్పుడు ఒక్కోసారి చాలా పెద్దగా ఉంటుంది.