ఫోన్ మానకుండానే జపం తప్పకుండా ఉండాలంటే

సోషల్ మీడియా గురించి మన కతోలిక గుడిలో మనం వినేవి ఎక్కువగా రెండే మాటలు. ఫోన్ సైతాను, దూరం పెట్టండి అని ఒకరు, సువార్త ప్రకటనకు వాడుకోండి అని ఇంకొకరు. రెండూ విని ఇంటికొచ్చి మళ్ళీ రీల్స్ చూస్తాం. నేనైతే ఫోన్ మానేయమని చెప్పను. నన్నడిగితే అసలు చిక్కు సినిమా రీల్స్‌తో కన్నా భక్తి వీడియోలతోనే ఎక్కువ. పొద్దున్నే ఒక వాక్యం స్టేటస్, మధ్యాహ్నం ఒక ప్రసంగం ముక్క, రాత్రికి గుణదల మాత కొండ డ్రోన్ వీడియో, ఇలా రోజంతా దేవుడితోనే ఉన్నట్టు అనిపిస్తుంది, తీరా చూస్తే మరియమాతకు చెప్పే ఒక్క మంగళవార్త జపం కూడా చెప్పి ఉండం.

అందుకే ముందు జపానికి టైమ్ పక్కన పెట్టి, మిగిలింది ఫోన్‌కి ఇవ్వండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్. ఏ యాప్ ఎంతసేపు చూశారో అక్కడ ఉంటుంది, ఒకసారి చూడండి, కాస్త సిగ్గేస్తుంది, పర్లేదు. మిమ్మల్ని ఎక్కువగా లాగే యాప్‌కి అరగంట టైమర్ పెట్టండి. ఆండ్రాయిడ్‌లో టైమ్ అయిపోతే ఐకాన్ రంగు పోయి యాప్ తెరుచుకోదు, మళ్ళీ తెరవాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమర్ తీసేయాలి, అక్కడికి వెళ్ళేలోపే చాలాసార్లు చూడాలన్న యావ తగ్గిపోతుంది. అలాగే ఆరింటికి, పన్నెండింటికి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి త్రికాల జపం అలారం పెట్టుకోండి. చెప్పడానికి రెండు మూడు నిమిషాలు చాలు, ఆఫీసులో కుర్చీలో కూర్చునే చెప్పుకోవచ్చు.

జపమాల మాత్రం యూట్యూబ్ పెట్టుకుని చెప్పొద్దు. మూడో దేవరహస్యం (జపమాలలో ధ్యానించే క్రీస్తు, మరియమాతల జీవిత ఘట్టం) మధ్యలో గోల్డ్ లోన్ యాడ్ వస్తుంది, స్కిప్ నొక్కడానికి చెయ్యి పోతుంది, పైనే ఎవరిదో మెసేజ్ కనిపిస్తుంది, ఇక అంతే. ఇరవై నిమిషాల పని, ఫోన్ పక్క గదిలో పెట్టి పూసలు పట్టుకుని చెప్పండి. దేవరహస్యాలు నోటికి రాకపోతే ప్రార్థన పుస్తకం ఉండనే ఉంది.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో ఇన్‌స్టా మానేయడం మంచిదే, కానీ అది అదనం. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం, మాంసం మానడం ఎలాగూ ఉంటాయి, వాటికి బదులుగా ఇది చెల్లదు. ఇంకో మాట. విభూది బుధవారం పూజలో చదివే సువిశేషం మత్తయి 6వ అధ్యాయం, ఉపవాసం చేసేటప్పుడు పదిమందికీ కనబడేలా చేయొద్దని ప్రభువు చెప్పే భాగం. అది విని బయటికొచ్చి గుడి మెట్ల మీదే నుదుటి విభూదితో సెల్ఫీ తీసి స్టేటస్ పెడతాం! ఆ ఒక్క రోజు పెట్టకండి చాలు. "రేపటి నుంచి 40 రోజులు ఫేస్‌బుక్‌కి సెలవు" అనే పోస్టు కూడా ఆ కోవలోకే వస్తుంది.

"ఈ అంతోనివారి ప్రార్థన 13 మందికి పంపండి, సాయంత్రానికి శుభవార్త వింటారు, ఆపితే నష్టం" లాంటివి మీ దగ్గరే ఆపేయండి. అది ప్రార్థన కాదు, మూఢనమ్మకం, తిరుసభ బోధల పుస్తకమైన సత్యోపదేశం దాన్ని, దేవుణ్ణి మాత్రమే ఆరాధించాలనే మొదటి ఆజ్ఞకు విరుద్ధమైన పాపంగానే చెబుతుంది. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉందంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, అలాంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది కాబట్టి ఆలోచించుకునే వీలు ఎలాగూ ఉంది. పంపింది పెద్దమ్మో, జపమాల దగ్గర కలిసే అక్కో అయితే గ్రూపులో అందరి ముందూ తప్పుపట్టకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి.

ఇక గొడవలు. తెలుగు క్రైస్తవ వీడియోల కింద "మీరు బొమ్మలకు మొక్కేవాళ్ళు" అనే కామెంట్ ఎప్పుడూ ఉంటుంది. జవాబు ఇవ్వాలనిపిస్తే ఒక్కసారే, రెండు లైన్లలో ఇవ్వండి. ఆరాధన దేవునికి మాత్రమే, మరియమాతకు వందనం చేస్తాం, మా కోసం ప్రార్థించమని అడుగుతాం, అంతే. తర్వాత నోటిఫికేషన్ ఆపేయండి. మీరు కోపంతో పదిసార్లు రాస్తే అవతలివాడు మారడు, యూట్యూబ్ మాత్రం మీకు ఇవే కావాలేమో అనుకుని అలాంటి వీడియోలే ఇంకా తెచ్చి పెడుతుంది. మన వైపు నుంచి వచ్చే తిట్లూ తక్కువేం కాదు. పోపు ఫ్రాన్సిస్ 2018లో రాసిన ప్రబోధ పత్రంలో ఈ మాటే అన్నారు, కొందరు మిగతా ఆజ్ఞలను కాపాడుతున్నామంటూనే, అబద్ధ సాక్ష్యం చెప్పొద్దనే ఎనిమిదో ఆజ్ఞను పూర్తిగా వదిలేస్తున్నారని.

ఒకరి గురించి అబద్ధం ఫార్వర్డ్ చేశారని తర్వాత తెలిసిందనుకోండి, డిలీట్ చేస్తే సరిపోదు. పాపసంకీర్తనంలో గురువు దగ్గర ఒప్పుకోవడంతో పాటు పోయిన పరువుకు పరిహారం చేయాలన్నది తిరుసభ బోధ, అంటే అదే గ్రూపులో "నేను పంపింది తప్పు" అని రాయాలి. గుడిలో ఎవరి మీదైనా నిజమైన ఫిర్యాదు ఉంటే అది వేరే సంగతి. డబ్బు విషయమైతే మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి, పిల్లల మీద వేధింపు అయితే నేరుగా పోలీసులకో, చైల్డ్‌లైన్ నంబర్ 1098కో చెప్పండి. గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టడం వల్ల ఆ పిల్లల పేర్లే బయటపడతాయి.

లైవ్ పూజ సంగతి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం లాంటివి) లేవని వాటికన్ 2002లోనే ఒక పత్రంలో తేల్చేసింది. ఒంట్లో బాగుండి, గుడి పక్క వీధిలో ఉండి, మంచం మీద నుంచి ఆదివారం పూజ చూస్తే పూజకు వెళ్ళినట్టు కాదు. కానీ మంచాన పడ్డవాళ్ళు, కువైట్‌లో ఇళ్ళలో పనిచేస్తూ సెలవు దొరకని మన ఆడవాళ్ళు ఉన్నారు, వెళ్ళలేని పరిస్థితి పాపం కాదు, వాళ్ళకు ఆ లైవే పెద్ద ఊరట. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, మన ఏడింటి పూజ వాళ్ళకు తెల్లవారుజామున నాలుగున్నరకి. అందుకని లైవ్ అయిపోగానే వీడియో తీసేయకుండా రాత్రిదాకా ఛానెల్‌లో ఉంచమని మీ విచారణ గురువుకో (మీ గుడి ఫాదర్‌కో), కెమెరా చూసే కుర్రాడికో చెప్పి పెట్టండి.