మెస్‌లో వీగన్ భోజనం కడుపునిండా తినడం ఎలా?

వీగన్ అంటే మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ తినకపోవడం. మన భోజనంలో పప్పు, కూర, పులుసు, పచ్చడి, పొడి చాలావరకు పాలతో పని లేనివే. పాల పదార్థం వచ్చి చేరేది ముఖ్యంగా మూడు చోట్ల: పోపులో, పిండి కలిపేటప్పుడు, వడ్డించేటప్పుడు. ఈ మూడూ కనిపెట్టుకుంటే వీధి చివర చిన్న మెస్ చాలు. వీగన్ రెస్టారెంట్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

1. ముందే అడగండి

పొద్దున పదిలోపు గానీ, ముందురోజు సాయంత్రం నాలుగింటికి గానీ ఫోన్ చేయండి. పన్నెండు దాటాక అడిగితే లాభం లేదు, అప్పటికే పప్పు గుండిగ మొత్తానికీ పోపు పడిపోయి ఉంటుంది. "వీగన్ ఉందా?" అంటే "ప్యూర్ వెజ్ అండీ" అంటారు, అందులో నెయ్యీ పెరుగూ ఉంటాయి. కాబట్టి ఇలా అడగండి: "పప్పుకీ చారుకీ పోపు నూనెతో పెడతారా, నెయ్యితోనా? కూరల్లో పాలు, పెరుగు, మీగడ పడతాయా?" కౌంటర్‌లో కూర్చున్నాయనకు ఇవి తెలియకపోవచ్చు. వంట మాస్టర్‌నే అడగమనండి. డాల్డా అంటే అది పాలది కాదు గానీ, ఆరోగ్యం చూసుకునేవాళ్లు దాన్ని వదిలేయడమే నయం.

2. ఏది తినాలి, ఎక్కడ ఆగాలి

నూనె పోపైతే టమాటా పప్పు, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, పచ్చిపులుసు, గోంగూర పచ్చడి, ఆవకాయ, పులిహోర నిశ్చింతగా తినొచ్చు.

మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి పేరులోనే దొరికిపోతాయి. దొరకనివే ఇబ్బంది. పప్పు పక్కన కరకరలాడే చల్ల మిరపకాయల్ని మజ్జిగలో నానబెట్టి ఎండబెడతారు. ఉలవచారులో పాలు ఉండవు, కానీ బెజవాడ వైపు దాని మీద మీగడ వేసి ఇస్తారు, వద్దని ముందే చెప్పాలి. వెజ్ బిర్యానీలో పెరుగు, నెయ్యి రెండూ మామూలే. కుర్మాలో క్రీమ్ పడొచ్చు.

టిఫిన్లలో ఇడ్లీ, గారె, పెసరట్టు మంచివి. పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటే మాత్రం దాని పోపు అడగండి. మైసూర్ బజ్జీ పిండిని పెరుగుతో కలుపుతారు. రవ్వ దోశ పిండిలో చాలాచోట్ల మజ్జిగ పోస్తారు. పొంగలి నెయ్యి లేకుండా దొరకడం అరుదు. కొబ్బరి చట్నీలో పెరుగు కలిపే చోట్లూ ఉన్నాయి.

3. విస్తరి దగ్గర

నెయ్యి గిన్నె పట్టుకున్నవాళ్లు అడిగి వడ్డించరు. కూర్చోగానే "నెయ్యి వద్దండీ" అనండి, గిన్నె దగ్గరికి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టండి. కందిపొడి అన్నంలోకి నువ్వుల నూనె అడగండి, నెయ్యి లేని లోటు తెలియదు. అన్నం తగ్గించి పప్పు మారు వడ్డించుకోండి, పెరుగు మానేశాక ప్రొటీన్ ఎక్కువగా రావాల్సింది అక్కడినుంచే. పాయసం, పూతరేకులు వదిలేసి పల్లీ పట్టీ తినండి. కాఫీ అయితే పాలు లేకుండా డికాక్షన్.

4. పెరుగన్నం లేనిదే భోజనం ముగించలేనివాళ్లకు

పల్లీ పెరుగు చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, తెచ్చుకోవచ్చా అని మెస్ వాళ్లను ఒక మాట అడిగి. కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టండి. ఆ పాలను సన్నని మంట మీద పది నిమిషాలు కలుపుతూ మరిగించండి, వదిలేస్తే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక తొడిమలతో ఉన్న ఆరేడు పచ్చిమిరపకాయలు వేసి, మూతపెట్టి 8 నుంచి 12 గంటలు కదపకుండా ఉంచండి. వేడి మీద వేస్తే తోడుకోదు. మొదటిసారి కాస్త పల్చగా వస్తుంది, అందులో రెండు చెంచాలు తీసి తర్వాతి పాలకు తోడు వేస్తే గట్టిపడుతుంది.

5. ప్యాకెట్లు, మాత్రలు, అలర్జీ

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం అని మాత్రమే అర్థం, పాలు ఉండొచ్చు. వీగన్ ఆహారానికి 2022 నియమాలతో వేరే ముద్ర వచ్చింది: ఆకుపచ్చ రంగులో 'వి' అక్షరం, దాని మీద చిన్న మొక్క. రోజూ ఇలాగే తినేవాళ్లు బి12 మాత్ర గురించి డాక్టర్‌ని అడగాలి, పప్పులూ కూరగాయలతో అది అందదు.

పాలు అసలు పడనివాళ్లు, అలర్జీ ఉన్నవాళ్లు ఆ సంగతి విడిగా చెప్పాలి. మీ దోశ నూనెతోనే కాల్చినా, అంతకుముందు అదే పెనం మీద వెన్న దోశ కాలి ఉంటుంది. పెనం కడిగి వేయడం కుదరదంటే ఆ పూట ఇడ్లీ తినండి.