సీపీయూ 0, సీపీయూ 4 ఒకే కోర్‌వి కావచ్చు: జతలు కనుక్కునే పద్ధతి

నా మెషీన్ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒక్కో కోర్‌లో పని నడిచే దారులు). రెండు భారీ లెక్కలు ఒకేసారి నడపాల్సి వచ్చి, ఒకదాన్ని సీపీయూ 0కి, రెండోదాన్ని సీపీయూ 4కి కట్టేశాను, అంటే అక్కడే నడవాలని చెప్పాను. నంబర్లు అంత దూరంగా ఉన్నాయి కాబట్టి కోర్లు కూడా వేరే అనుకున్నాను. రెండూ నత్తనడక నడిచాయి. సాయంత్రమంతా ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. చివరికి తేలిందేమిటంటే, ఆ రెండు నంబర్లూ ఒకే కోర్‌వి.

లినక్స్ అయినా విండోస్ అయినా సీపీయూ అని నంబరు వేసేది కోర్‌కి కాదు, హార్డ్‌వేర్ థ్రెడ్‌కి. లెక్క 0 నుంచి మొదలవుతుంది. హైపర్‌థ్రెడింగ్ (ఒకే కోర్ రెండు థ్రెడ్లు నడిపే ఏర్పాటు) ఉన్న కోర్‌కి రెండు నంబర్లు వస్తాయి. కానీ లెక్కలు చేసే యూనిట్లు, ఎల్1, ఎల్2 క్యాష్‌లు (కోర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీలు) ఆ రెండింటికీ కలిపి ఒక్కటే సెట్టు.

లినక్స్‌లో నంబర్ల వరస, బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ (బయాస్ లాంటి మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్) ఇచ్చే పట్టికను బట్టి ఉంటుంది. చాలా ఇంటెల్ మెషీన్లలో ముందు అన్ని కోర్ల మొదటి థ్రెడ్లు, తర్వాత రెండో థ్రెడ్లు వస్తాయి. అందుకే నా దాంట్లో 0కి జత 4, 1కి జత 5. కొన్నింటిలో 0, 1 పక్కపక్కనే జతగా ఉంటాయి. విండోస్‌లో మామూలుగా ఇలాగే ఉంటుంది. ఒక మెషీన్‌లో చూసిన వరసను ఇంకోదానికి దయచేసి వర్తింపజేయకండి.

జతలు తెలియాలంటే లినక్స్ టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌కి హైఫన్ ఇ తగిలించి నడపండి. వచ్చే పట్టికలో కోర్ అనే నిలువు వరస చూడండి. అక్కడ ఒకే అంకె ఉన్న సీపీయూలు జత. ఇంకా సూటిగా కావాలంటే, సిస్ డైరెక్టరీలో డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0, టోపాలజీ వరసగా దిగండి. థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్ అనే ఫైలు ఉంటుంది, పేరులో ఖాళీల బదులు అండర్‌స్కోర్లు. నాకు అందులో 0,4 అని కనబడింది.

ఇక టాస్క్‌సెట్ కమాండ్‌కి హైఫన్ సి తగిలించి, రెండు పనులను ఒకే జతలో లేని సీపీయూలకి కట్టండి, నా దాంట్లో అయితే ఒకటి 0కి, రెండోది 1కి. నేను అలా మార్చగానే రెండూ పూర్తి వేగం అందుకున్నాయి.

పెద్దవి, చిన్నవి అని రెండు రకాల కోర్లున్న ఇంటెల్ 12వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో ఇంకో చిక్కుంది. పెద్ద కోర్లకే రెండేసి థ్రెడ్లు, చిన్నవాటికి ఒక్కొక్కటే. మొత్తం థ్రెడ్లను రెండుతో భాగిస్తే కోర్ల సంఖ్య రాదు. పట్టిక చూడాల్సిందే. బయాస్‌లో హైపర్‌థ్రెడింగ్‌ని ఆపినా, ఆన్ చేసినా నంబర్లు మారిపోవచ్చు, అప్పుడు టాస్క్‌సెట్ రాసిన స్క్రిప్ట్‌లన్నీ తెరిచి సరిచేసుకోండి.