స్కౌట్ మాస్టర్ పాఠాలు – 5: పెట్రోల్ లీడర్ వేరు, క్లాస్ లీడర్ వేరు

ఈ వారం కోర్ట్ ఆఫ్ ఆనర్ (పెట్రోల్ లీడర్ల సభ) గురించి చెబుదామనుకున్నాను. కానీ నాలుగో పాఠం చదివి ట్రూపును, అంటే బడిలోని స్కౌట్ల దళాన్ని, పెట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా విడదీసిన మాస్టార్ల కష్టాలు విన్నాక ముందు ఆ చిక్కు విప్పక తప్పడం లేదు. సగం తప్పు నాదే. పెట్రోల్‌కి ఆరు నుంచి ఎనిమిది మంది ఉండాలని రాశాను గానీ ఆ ఎనిమిది మందిని ఎలా ఏరాలో రాయలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

ఒక మాస్టారు హాజరు పట్టీ ముందు పెట్టుకుని 1 నుంచి 8 దాకా పులి పెట్రోల్, 9 నుంచి 16 దాకా నెమలి పెట్రోల్ అని కోసేశారు. ఇంకొకరు ఎ సెక్షన్‌ని ఒక పెట్రోల్, బి సెక్షన్‌ని ఇంకో పెట్రోల్ చేశారు. ఇంటర్వెల్‌లో జరిగే గొడవ ఇప్పుడు స్కార్ఫులు కట్టుకుని జరుగుతోంది. మరొకచోట మొదటి నాలుగు ర్యాంకుల వాళ్లు నలుగురూ లీడర్లు. శనివారం ట్యూషన్ ఉందని నలుగురూ ఎగ్గొట్టారు, ఆ రోజు ట్రూప్ మీటింగే లేదు.

దిద్దుబాటు పెద్ద పనేం కాదు. ప్రతి పిల్లాడినీ చీటీ మీద ఇద్దరు స్నేహితుల పేర్లు రాయమనండి. అందులో కనీసం ఒక్కడైనా వాడి పెట్రోల్‌లో ఉండేలా చూడండి. వయసులు కలపండి. పదకొండేళ్లవాడు, పదిహేనేళ్లవాడు ఒకే చోట ఉండాలి. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ పెట్టిన మొదటి క్యాంపులో ఉన్నది ఇరవై చిల్లర మంది పిల్లలు, నాలుగు పెట్రోళ్లు. కొందరు డబ్బున్నవాళ్ల బోర్డింగ్ స్కూళ్ల నుంచి, కొందరు మామూలు పని చేసుకునే కుటుంబాల నుంచి వచ్చారు. ఆయన వాళ్లని కలిపేశాడు, విడగొట్టలేదు. లీడర్‌ని పెట్రోల్‌లోని పిల్లలే ఎన్నుకోవాలి. మీకు నచ్చనివాడు ఎన్నికైతే సెకండ్‌ని (లీడర్ సహాయకుడిని) జాగ్రత్తగా ఎంచుకోండి. నా మటుకు నేను మాటకారి లీడర్ పక్కన మౌనంగా పని చేసే సెకండ్‌ని పెడతాను. పుస్తకంలో ఇలా లేదు, నా అలవాటు.

ఫ్లాగ్ బ్రేక్ (జెండా విప్పడం), ప్రేయర్, హార్స్ షూలో (గుర్రపు నాడా ఆకారంలో) నిలబెట్టడం, ఇన్‌స్పెక్షన్ మీకు వచ్చినవే, వదిలేస్తున్నాను. అసలు విషయం ఆ తర్వాత మొదలవుతుంది. ఇన్‌స్పెక్షన్ అయ్యాక చాలామంది మాస్టార్లు విజిల్ ఊది ముప్పై రెండు మందినీ కూర్చోబెట్టి పాఠం చెబుతారు. పీరియడ్‌లో చేసేదే చెట్టు కింద చేస్తారన్నమాట. ఇక పెట్రోల్ లీడర్ చేయడానికి ఏం మిగిలింది? ఏమీ లేదు. ఖాళీగా ఉన్నవాడు తనకు తెలిసిన ఏకైక అధికారం వెతుక్కుంటాడు: మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన బడుల్లో క్లాస్ లీడర్ ఉద్యోగం ఏమిటో మనందరికీ తెలుసు. సార్ వచ్చేదాకా బోర్డు మీద పేర్లు రాయాలి, మళ్లీ మాట్లాడితే పక్కన ఇంటూ మార్కు వేయాలి, సార్ రాగానే దెబ్బలు తినేవాళ్ల లిస్టు తయారుగా ఉండాలి. పెట్రోల్ లీడర్ అనగానే పిల్లాడి బుర్రలోకి వచ్చేది అదే. వాడి తప్పు కాదు, అయిదేళ్లుగా వాడు చూస్తున్న లీడర్ అదే మరి.

నేనూ పడ్డాను ఈ గోతిలో. మొదటి ఏడాది మా తొమ్మిదో తరగతి లీడర్ ఒకడు నాలుగు మడతలు పెట్టిన చీటీ నా చేతిలో పెట్టాడు. విప్పితే నాలుగు పేర్లు. నేను ఆ నలుగురినీ పిలిచి అందరి ముందూ కేకలేశాను. పై శనివారం ఆ నలుగురూ రాలేదు. ఆ పై శనివారం కూడా. మిగిలిన ముగ్గురూ లీడర్‌తో మాట్లాడటం మానేశారు. రెండు వారాల్లో ఒక పెట్రోల్ పోయింది. పోగొట్టింది చీటీ కాదు, దాన్ని విప్పిన నేను.

కాబట్టి చీటీ వస్తే విప్పకండి. మడిచింది మడిచినట్టే వాడి షర్టు జేబులో పెట్టేసి ఒకటే ప్రశ్న అడగండి: "వీళ్లకి నువ్వేం పని ఇచ్చావురా?" పదిసార్లలో తొమ్మిదిసార్లు వాడు నేల చూపులు చూస్తాడు. అల్లరి చేసేవాడి చేతిలో పని ఉండదు, అంతే. పెట్రోల్‌లో ప్రతివాడికీ ఒక బాధ్యత ఉండాలి. తాళ్లు, సామాన్లు ఒకడివి, లాగ్ బుక్ ఒకడిది, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒకడిది, డబ్బుల లెక్క ఒకడిది, వంట ఒకడిది, పెట్రోల్ జెండా ఒకడిది. అందరికంటే అల్లరివాడికి సామాన్లు ఇవ్వండి. తాడు లెక్క తప్పితే వాడు ఊరుకోడు, చూడండి కావాలంటే.

ఇక పని అప్పగించే పద్ధతి. శనివారం మీటింగ్ అయితే బుధవారం సాయంత్రం నలుగురు లీడర్లనే పిలిచి పావుగంట కూర్చోండి. ఉదాహరణకి క్లోవ్ హిచ్ అనే ముడి. గుంజకి తాడు ఒకసారి చుట్టి, రెండో చుట్టు మొదటిదాని మీదుగా దాటించి, కొసని ఆ రెండో చుట్టు కిందనుంచి లాగడమే. నలుగురికీ నేర్పండి. తర్వాత ఒకరికొకరు నేర్పించమనండి, ఎక్కడ తడబడతారో అక్కడే తెలుస్తుంది. శనివారం మీరు తాడు ముట్టుకోవద్దు. వాళ్ల పెట్రోల్‌కి వాళ్లే నేర్పుతారు. తప్పు నేర్పుతారు కూడా. నేర్పనివ్వండి. ముడి జారిపోయి స్టాఫ్ (స్కౌట్ చేతికర్ర) కిందపడితే మీరు చెప్పక్కర్లేదు, స్టాఫే చెబుతుంది.

పని చెప్పేటప్పుడు ఏం చేయాలి, ఎప్పటికల్లా అవ్వాలి, ఏ సామాను వాడుకోవచ్చు అన్న మూడు చెప్పి లేవండి. ఎలా చేయాలో చెప్పొద్దు. నేను వేప చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పిల్లలకి వీపు పెట్టి కూర్చుంటాను. ఎదురుగా కూర్చుంటే ప్రతి రెండు నిమిషాలకీ "సార్, ఇలాగేనా?" అంటారు. వీపుని అడగరు.

ఒకసారి ఊరి బయట మామిడితోటకి హైక్ వెళ్లాం. పెట్రోల్‌కి కిలో రవ్వ, ఉప్మా చేయాలి. నెమలి పెట్రోల్ మూడు రాళ్లు పెట్టింది, ఎండు పుల్లలు ఏరింది, ఉల్లిపాయలు తరిగింది, అప్పుడు చూసుకుంటే అగ్గిపెట్టె లేదు. నా జేబులో ఉంది. లీడర్ నా వైపు చూశాడు. నేను దూరంగా ఉన్న గొర్రెల మంద వైపు చూస్తున్నాను. "రేయ్, తెస్తానన్నది నువ్వే కదరా" అంటే "నేనెప్పుడన్నాను, నువ్వే తెస్తానన్నావ్" అని ఇద్దరి మధ్య కాసేపు నడిచింది. ఇరవై నిమిషాలు. చివరికి అందరికంటే చిన్నవాడు పరిగెత్తుకెళ్లి గొర్రెల కాపరిని అడిగి తెచ్చాడు, తిరిగి ఇచ్చి థాంక్స్ కూడా చెప్పి వచ్చాడు. ఉప్మాలో ఉప్పు ఎక్కువైంది. ఆ తర్వాత ఏ హైక్‌లోనూ వాళ్ల సంచిలో రెండు అగ్గిపెట్టెలకు తక్కువ చూడలేదు నేను.

అయితే అన్నిటికీ వీపు పెట్టడం కుదరదు. చెరువు, బావి, రోడ్డు దాటడం, గొడ్డలి, పొయ్యి వెలిగాక దాని చుట్టూ మనుషులు, ఇవి లీడర్ బాధ్యత కాదు, మీవే. చెరువు గట్టున పన్నెండేళ్లవాడికి "నువ్వు చూసుకోరా" అని చెప్పే మాస్టారు ఇంట్లో ఉండటం మేలు. పోయినసారి ఈ మాట రాయకపోవడం నా పొరపాటు.

జనవరి 26కి కుర్చీలు వేయడానికీ, అతిథికి దండ అందించడానికీ స్కౌట్లు కావాలని బడిలో అడుగుతారు. కాదనలేం. ఆ పని కూడా నలుగురు లీడర్లకే చెప్పండి, వరసలో నిలబడ్డ పిల్లల్ని మీరు వేలు పెట్టి పిలవకండి. గైడ్ కెప్టెన్లకీ, అంటే అమ్మాయిల దళాలు నడిపే టీచర్లకీ ఇదే వర్తిస్తుంది, అమ్మాయిల కంపెనీలో (దళంలో) పేర్లు రాసే జబ్బు ఇంకా ఎక్కువని ఒక కెప్టెన్ గారు నాతో వాదించారు. నేను ఒప్పుకోలేదు.

అభ్యాసం: వచ్చే మూడు శనివారాలు మీటింగ్ మొత్తంలో నలుగురు లీడర్లతో తప్ప ఏ పిల్లాడితోనూ మాట్లాడకండి. వాడే వచ్చి అడిగితే "మీ లీడర్‌ని అడుగు" అనండి, దెబ్బ తగిలిందనో ఒంట్లో బాగాలేదనో వస్తే మాత్రం ఈ లెక్క లేదు. విజిల్ ఇంట్లో వదిలేయండి. నియమం తప్పినప్పుడల్లా ఎడమ అరచేతి మీద పెన్నుతో ఒక గీత పెట్టుకోండి. మూడో శనివారానికి గీతలు పది లోపుకి వస్తేనే కోర్ట్ ఆఫ్ ఆనర్ పాఠానికి రండి. నాకు మొదటి శనివారం 41 వచ్చాయి, చెయ్యి చాలక మణికట్టు దాకా వెళ్లాను.