నట్టల మందుకు ముందు టేపు పట్టండి

నట్టల మందు వేసినా పశువు చిక్కిపోతూనే ఉంటుంది. మా వర్ధన్నపేట దిక్కు చాలా ఇళ్లలో ఇదే టెన్షన్. నేనూ కంటి అంచనాతో సగం గోలీయే వేసేదాన్ని.

మందు పశువు బరువును బట్టి వేయాలి. బరువు తెలియాలంటే దర్జీ టేపుతో ముందుకాళ్ల వెనకాల ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీయండి. పశువు తల ఎత్తి, నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో గుణించి 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. మా ఆవుకు 60, 50 వచ్చాయి, అంటే సుమారు 273 కిలోలు. ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 1.5 గ్రాముల గోలీ ఒకటి పూర్తిగా పడాల్సిందే.

చెరువు శిఖంలో (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలో) మేసే పశువుకు దవడ కింద నీరు దిగితే మాత్రం అది కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) కావచ్చు. దానికి ఈ మందు పనిచేయదు, డాక్టరుకు చూపించండి.