మీ ఊరి ప్రముఖుల జాబితా: ఎవర్ని చేర్చాలి, ఎలా తేల్చాలి

కడప గానీ, అనంతపురం గానీ, కర్నూలు గానీ, ఊరి ప్రముఖుల జాబితా రాయడానికి కూర్చుంటే గొడవంతా ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది: "ఆయన మా ఊరాయనే." పుట్టింది ఇక్కడా, చదివింది ఇక్కడా, ఉద్యోగానికొచ్చి నాలుగేళ్లు ఉండి పోయారా? ఇది తేల్చకుండా పేర్లు రాసుకుంటూ పోతే నూరు పేర్ల జాబితా తయారవుతుంది, అందులో సగం పక్కూరి వాళ్లు కూడా రాసుకున్నవే అయి ఉంటాయి.

అందుకే పేర్లకంటే ముందు గళ్లు గీసుకోండి. ఎక్సెల్ షీటైనా సరే, పొడుగు నోటుబుక్కైనా సరే, ఈ తొమ్మిది గళ్లు చాలు: ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరితో సంబంధం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, దేనికి పేరొందారు, మొదటి ఆధారం, రెండో ఆధారం, సరిచూసిన తేదీ. సంబంధం గడిలో అయిదు మాటల్లో ఏదో ఒకటే రాయాలి: పుట్టుక, చదువు, ఉద్యోగం, స్థిరనివాసం, మరణం. ఒకే మనిషికి రెండు సంబంధాలుంటే రెండూ రాయండి, కలిపేయకండి.

ఈ అయిదు మాటలు ఎందుకో మన సీమ పేర్లతోనే చూడొచ్చు. రంగస్థలం మీద వెలిగిన బళ్లారి రాఘవ పుట్టింది 1880లో తాడిపత్రిలో, బతుకంతా గడిచింది బళ్లారిలో. తాడిపత్రి జాబితాలో ఆయన ఉండాల్సిందే, కానీ 'పుట్టుక' కింద. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు (అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతానికి) ప్రిన్సిపల్ కలెక్టర్, కాబట్టి అనంతపురం జాబితాలో 'ఉద్యోగం' కింద వస్తారు. 1827 జులైలో పర్యటనలో ఉండగా కలరా సోకి చనిపోయింది పత్తికొండలో. పత్తికొండ వాళ్లు రాసుకోవాల్సింది 'మరణం' మాత్రమే, అక్కడ కాపురమున్నట్టు రాస్తే తప్పు. విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో. 1969లో అనంతపురం వచ్చి, 2009లో చనిపోయేదాకా ఈ జిల్లాకే అంకితమయ్యారు. ఇది నిఖార్సైన 'స్థిరనివాసం'. పుట్టిన ఊరొక్కటే లెక్క అనుకుంటే ఇలాంటి వాళ్లందరూ జారిపోతారు.

'నివసించారు' అనడానికి కనీసం ఎన్నాళ్లుండాలో కూడా ముందే గీత గీయాలి. ఏడాది అంటే సబబుగా ఉంటుంది. అంతకంటే తక్కువుంటే, ఆ కాలంలో ఇక్కడ చేసిన పని ఏదైనా నిలిచి ఉండాలి. కర్నూలు వాళ్లకు మాత్రం ఈ గీత సరిపోదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని అదే కాబట్టి టంగుటూరి ప్రకాశం మొదలుకొని మంత్రులు, పెద్ద అధికారులు ఎంతోమంది ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్లను మామూలు జాబితాలో కలిపితే అసలు కర్నూలు మనుషులు కనపడకుండా పోతారు. రాజధాని కాలానికి వేరే పట్టిక పెట్టడమే మేలు.

ఇంటిపేరు చూసి ఊరు రాయడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో పుట్టింది అనంతపురం దగ్గరి చియ్యేడులో. పనిచేసింది, స్థిరపడింది ప్రొద్దుటూరు, కడపల్లో. ఇంటిపేరు చూసి పుట్టపర్తిలో పుట్టారని రాసేస్తుంటారు. అదే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ విషయానికొస్తే ఇంటిపేరూ పుట్టిన ఊరూ ఒకటే. అంటే ఇంటిపేరు ఎక్కడ వెతకాలో చెప్తుందంతే, రుజువు కాదు. కొత్తపల్లె లాంటి పేర్లు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. దర్శకుడు బి.ఎన్.రెడ్డి ఊరు పులివెందుల తాలూకా కొత్తపల్లె. తాలూకా గానీ మండలం గానీ రాయకపోతే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క.

జిల్లాకు రెండు గళ్లెందుకంటే, ఊరు కదలకపోయినా జిల్లాలు మారతాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లా, తర్వాత కర్నూలు, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపడింది 1882లో. అంతకు ముందటి మనిషి గురించి అనంతపురం కాగితాల్లో వెతికితే ఏమీ దొరకదు, బళ్లారి పేరుతో అడగాలి. పాత ఇంగ్లిషు రికార్డుల్లో కడప కోసం వెతికేటప్పుడు సి అక్షరంతో మొదలై, మధ్యలో రెండు డి లు, చివర హెచ్ ఉండే స్పెల్లింగే కొట్టాలి. ఇప్పటి స్పెల్లింగు 2005లో వచ్చింది.

ఆధారాలు రెండుండాలి, రెండూ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి కాకూడదు. పత్రికల జిల్లా ఎడిషన్‌లో వచ్చిన నాలుగు వ్యాసాలూ ఒకే సన్మాన సంచిక నుంచి ఎత్తినవైతే అవి నాలుగు కాదు, ఒకటే. సన్మాన సంచికలు, షష్టిపూర్తి సంచికలు ఫోటోలకూ తేదీలకూ బంగారం లాంటివి. 'మొట్టమొదటి', 'ఏకైక' లాంటి మాటలకు మాత్రం వాటిని నమ్మొద్దు. పాత కాలానికైతే ఇంగ్లిషు వాళ్ల కాలంలో వచ్చిన జిల్లా వివరాల పుస్తకాలు, 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్, 1905 నాటి ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీర్ తిరగేయండి. కడపలో ఉన్నవాళ్లు సి.పి.బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. 1820లో కడపకొచ్చిన బ్రౌన్ బంగళా ఉన్న చోటే దాన్ని కట్టారు.

పుట్టిన తేదీల దగ్గర జాగ్రత్త. బడి అడ్మిషన్ రిజిస్టర్లో జులై 1 కనిపిస్తే అది పంతులు వేసిన అంచనా కావచ్చు. వేరే ఆధారం దొరికేదాకా ఏడాది మాత్రమే రాసుకోండి, దాని పక్కన 'సుమారు' అని చేర్చండి. జాతకంలో తెలుగు సంవత్సరం ఉంటే అరవయ్యేళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుందని గుర్తుంచుకోండి: ఆనంద అంటే 1854-55, 1914-15, 1974-75. ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్లకు ఇంగ్లిషు ఏడాది సాధారణంగా ఒకటి ఎక్కువ వస్తుంది. ఆనంద మాఘంలో పుట్టిన బిడ్డకు 1914 అని వేస్తే ఏడాది తప్పినట్టే.

శిలాఫలకాలు, సమాధి రాళ్లు చాలామంది వదిలేస్తారు గానీ, ఫలానా ఏడాదిలో ఫలానా మనిషి ఈ ఊళ్లో ఉన్నారనడానికి అంతకు మించిన సాక్ష్యం అరుదు. ఏటేటా సున్నం కొట్టి అక్షరాలు పూడిపోయి ఉంటాయి. ఇనుప బ్రష్షుతో గీకారంటే మెత్తటి కడప రాయి మీద ఉన్న అక్షరమూ పోతుంది. తడిగుడ్డతో తుడిచి, పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు, ఉదయం ఏడూ ఏడున్నర మధ్య ఫోటో తీయండి. నీడ పడే రాయైతే సెల్‌ఫోన్ టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టించండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, మూడు ఫోటోలుంటే ఒకదాంట్లో కనిపించని గుడి, దీర్ఘం ఇంకోదాంట్లో పట్టుబడతాయి. అక్షరం తేలకపోతే ఊహించి పూరించొద్దు, అక్కడ చుక్కలు పెట్టండి.

'దేనికి పేరొందారు' గడిలో పొగడ్త వద్దు. దామోదరం సంజీవయ్యకు 'మహానేత' అని రాసేకంటే 'కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టారు, 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి' అని రాస్తేనే చదివేవాళ్లకు ఏదైనా దక్కుతుంది. నాయకులూ సినిమావాళ్లూ వాళ్లంతట వాళ్లే జాబితాలోకొస్తారు. అవధానులు, హరికథకులు, డాక్టర్లు, బడి పంతుళ్లు, ఆటగాళ్లు రారు. వాళ్ల కోసం వేటకు పోవాలి, ఆడవాళ్ల పేర్ల కోసమైతే ఇంకా గట్టిగా. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది కాబట్టి రెండు ఇంటిపేర్లతోనూ వెతకండి.

బతికున్నవాళ్ల విషయంలో ఇంటి నంబరు, ఫోను, పిల్లల పేర్లు, పుట్టిన రోజు ఏవీ పెట్టొద్దు. ఏడాది, రంగం, ఊరితో సంబంధం చాలు. కుటుంబం వాళ్లు తప్పుందని చెప్తే కాగితం అడిగి చూసి దిద్దండి. కాగితం లేకపోతే మీరు రాసింది అలాగే ఉంచి, కింద 'కుటుంబం చెప్పేది ఇది' అని ఒక వరుస చేర్చండి. ప్రతి కొత్త ప్రతి మీదా తేదీ వేసి, పాత ప్రతిని చెరపకుండా దాచండి.